నార్మల్ అని నేర్చుకున్న చప్పుడు

పోయినవారం మీరు పేజీ తిప్పేసి, నన్ను పరీక్ష గదిలో వదిలి వెళ్ళిపోయారు. పర్వాలేదు, ఆ రోజు అందరూ చేసిన పని అదే. పేషెంటుగా పడుకోవడానికి కాలేజీవాళ్ళు పిలిపించుకున్న ఒక పెద్దావిడ గుండె మీద స్టెతస్కోప్ పెట్టి, వినీ వినీ, మళ్ళీ విని, "ఏదో తక్కువగా ఉంది సార్" అని నోరు జారాను. ఏం తక్కువయింది అని అడిగారు మా సార్. మొదటి శబ్దానికీ రెండో శబ్దానికీ మధ్యలో ఉండాల్సింది లేదన్నాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి పక్కన కూర్చున్న ఎగ్జామినర్ నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వుతుంటే తను ఒక్కతే ఊరుకోవడం మర్యాద కాదనుకుందో ఏమో, పడుకున్న పెద్దావిడ కూడా పొట్ట ఊగేలా నవ్వింది. నన్ను ఫెయిల్ చేశారు.

మా కోర్సులో గుండె పరీక్ష పోతే ఇంకొక్క అవకాశం ఇస్తారు. అందులోనూ పోతే మొదటి సెమిస్టర్‌తోనే సామాను సర్దుకోవాలి. ఆ రెండో పరీక్ష సోమవారం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం నా గొప్పలు కూడా చెప్పేస్తాను. ఏళ్ళ తరబడి అంబులెన్సులో పనిచేశాను. ఆ ఉద్యోగం మానేసి, బుద్ధున్నవాళ్ళు పిల్లల్ని బడిలో వేసే వయసులో నేను వెళ్ళి ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. అంటే ఏమిటని మా చుట్టాలు అడుగుతారు. రోగిని చూస్తాం, పరీక్ష చేస్తాం, జబ్బేమిటో తేలుస్తాం, మందు రాస్తాం, పైన ఒక డాక్టరు ఉంటాడు అని చెబుతాను. అయితే డాక్టరువి కావన్నమాట అని తృప్తిగా తల ఊపి, వాళ్ళ మోకాలి నొప్పుల గురించి నన్నే అడుగుతారు. క్లాసులో పిల్లలు నన్ను అంబులెన్స్ అని పిలుస్తారు. వాళ్ళ గురించి నేనేమనుకుంటానో కూడా చెప్పాలి కదా. తెల్లకోటు ఇచ్చిన రోజు ఫొటోలు దిగీ దిగీ కాలర్లకి పౌడరు మరకలు చేసుకున్నారు. శవం మీద పాఠం ఉన్న రోజు బయటికి వచ్చి ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు, ఆ ఏడుపుకీ ఫొటో తీసుకున్నారు. చదవాల్సిన పేజీలకి ఆరు రంగులు పూస్తారు, చదవరు.

మా సార్‌కి వాళ్ళు పెట్టిన పేరు మాత్రం మెచ్చుకోక తప్పదు. ఉపోద్ఘాతం. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో పనిచేసిన డాక్టరు, ఇప్పుడు రోగిని పరీక్ష చేయడం మాకు నేర్పిస్తున్నారు. ఆయన నోరు తెరిచారంటే పాఠం మొదలవదు, పాఠానికి ముందుమాట మొదలవుతుంది. అది పూర్తయ్యేలోపు క్లాసు అయిపోతుంది. చెవుల్లో స్టెతస్కోప్ ఉన్నా సరే, ఆ నోరు ఆగదు.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, క్లాసంతా జతలు. మొదటి వారం ఎవరిని ఎవరికి అంటగట్టారో సెమిస్టర్ చివరిదాకా వాళ్ళే. నా పొట్ట నువ్వు నొక్కు, నీ వీపు నేను తడతాను. అలా నొక్కుతూ తడుతూ, తెలిసినదంతా పైకి చెప్పాలి, ఎందుకంటే మార్కులు చెప్పినదానికే. దాంతో మావాళ్ళు వినడం మానేసి చెప్పడం నేర్చుకున్నారు. స్టెతస్కోప్ ఒంటికి తగలకముందే "మొదటి శబ్దం, రెండో శబ్దం స్పష్టం, అదనపు శబ్దాలు లేవు, నార్మల్" అని చిలక పలుకులు మొదలవుతాయి. ఒకమ్మాయి గొట్టాలు చెవుల్లో పెట్టుకోవడమే మర్చిపోయి నార్మల్ అంది. పూర్తి మార్కులు పడ్డాయి.

నాకు అంత తెలివి లేకపోయింది. అంబులెన్సులో సైరన్ మోతలో గుండె చప్పుడు వినే తీరిక ఎవరికుంటుంది? నాడి చూడటం, బీపీ చూడటం, పరుగెత్తడం. అందుకని ఇక్కడైనా నిజంగా వినడం నేర్చుకోవాలని పట్టుదలకి పోయాను. నాకు అంటగట్టిన జతగాడి గుండెని సెమిస్టర్ పొడుగునా, రోజూ, అతను ఆవులించేదాకా విన్నాను.

ఆ జతగాడే మహారాజు. ఆ పేరు నేను పెట్టిందే. తండ్రి ఎముకల డాక్టరు, తల్లి పళ్ళ డాక్టరు, మేనమామ పిల్లల డాక్టరు. ఈయనగారు మెడికల్ సీటు రాక మా మధ్య ఊడిపడ్డాడు, ఆ సంగతి మాకు గుర్తుచేయని రోజు లేదు. పుస్తకమంతా పేజీ నంబర్లతో సహా కంఠతా పడతాడు. పొద్దున్నే పరుగెడతాడు, పరుగెత్తానని సాయంత్రం దాకా చెబుతాడు. ఈ ఆదివారం కాలేజీల మధ్య దూరపు పరుగు పందెం ఉంది, మా కాలేజీ తరఫున అతనే. మొదటి వారంలో ఉపోద్ఘాతం గారు, ఆరోగ్యవంతుడి గుండె ఎలా ఉంటుందో చూపిస్తాను, ఎవరైనా ముందుకు రండి అనగానే, అడగకుండానే చొక్కా గుండీలు విప్పేసుకుని వచ్చింది కూడా అతనే. సార్ అతని గుండె మీద స్టెతస్కోప్ పెట్టి, గుండె గొప్పతనం గురించీ, తన గురువుగారి గొప్పతనం గురించీ, తన గొప్పతనం గురించీ మాట్లాడుతూనే ఉండి, చివర్లో "నార్మల్ అంటే ఇదీ" అని తీర్పు చెప్పారు. మేం తలలూపాం.

పరీక్ష పోయిన సాయంత్రం ఇంటికి వెళ్ళాను. ఇల్లంటే మా అక్కావాళ్ళ ఇల్లు, ఉద్యోగం మానేశాక అక్కడే దిగాను. అక్క ఏమైందని అడగలేదు. నేను ముందే చెప్పానుగా అనే మొహం ఒకటి ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, అది తగిలించుకుని టీ ఇచ్చింది. సోమవారం కూడా పోతే మళ్ళీ ఆ అంబులెన్సువాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి, వాళ్ళు మాత్రం ఎన్నిసార్లని తీసుకుంటారు అంది. నేను టీ పక్కన పెట్టి, పేపరు చదువుకుంటున్న బావని చొక్కా విప్పమన్నాను.

"పెళ్ళాం ఎదురుగా మరదలు అడుగుతుంటే కాదంటే బాగుండదు," అని బావ విప్పేశాడు.

విన్నాను. లబ్, డబ్. మధ్యలో ఖాళీ. తనకి గుండె ఉందని ఇన్నాళ్ళకైనా అక్కకి రుజువు చూపించమని బావ సంబరపడుతున్నాడు. అక్కని కూర్చోబెట్టాను, తిడుతూనే కూర్చుంది. ఖాళీ. హోంవర్కు చేసుకుంటున్న వాళ్ళ అమ్మాయిని పిలిచాను. ఖాళీ. చివరికి నా గుండె మీద నేనే పెట్టుకుని విన్నాను. ఖాళీ. చీపురుతో నేలని ఒక్కసారి ఊడ్చినట్టు, ఆ రెండు శబ్దాల మధ్య నేను రోజూ వింటున్న ఆ చిన్న చప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంటిల్లిపాదికీ గుండెజబ్బు అనుకునేంత పిచ్చి నాకింకా పట్టలేదు. పరీక్షలో పెద్దావిడకి తక్కువైందేమీ లేదు. మహారాజుకే ఎక్కువైంది. నేను నార్మల్ అని నేర్చుకున్నది నార్మల్ కాని గుండెని. సార్ క్లాసులో జబ్బు గుండెల రికార్డులు వినిపించలేదా అని మీరడగొచ్చు. వినిపించారు. కాలేజీవాళ్ళ పాత స్పీకర్లో అన్నీ పిండిమర తిరిగినట్టే వినిపించాయి, పైన ఆయన వ్యాఖ్యానం ఒకటి. పుస్తకంలో ఆ పేజీలు తీసి చదివాను. అందులో కొన్ని చప్పుళ్ళు ఏమీ చేయవు, బతికినన్నాళ్ళూ అలాగే ఉంటాయి. ఒకటి రెండు మాత్రం, పరుగులు తీసే కుర్రాళ్ళని పరుగులోనే పడేస్తాయి.

మర్నాడు క్లాసు అయ్యాక ప్రాక్టీసు గదిలో మహారాజుని ఆపాను. మిగతావాళ్ళు మంచాల మీద కాగితపు దుప్పట్లు మారుస్తున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నారు.

"నీ గుండెలో అదనపు చప్పుడుంది," అన్నాను. "ఆదివారం పరుగెత్తే ముందు గుండె డాక్టరుకి చూపించుకో."

అతను నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. బూట్ల దుకాణంలో నచ్చని జతని చూసినట్టు చూశాడు. తన ఇంట్లో ఎంతమంది డాక్టర్లున్నారో వరసగా అప్పజెప్పాడు, ఈసారి పెదనాన్న ఒకాయన కొత్తగా చేరాడు. ఇంతమందికి వినపడని చప్పుడు నిన్ననే ఫెయిలైన మేడం గారికి వినపడిందా అని అడిగాడు. వాళ్ళలో ఒక్కరైనా నీ గుండె మీద ఎప్పుడైనా స్టెతస్కోప్ పెట్టారా అని నేనడిగాను. కాస్త నీళ్ళు నమిలాడు. డాక్టర్ల ఇళ్ళల్లో పిల్లలకి జలుబు చేసినా ఎవరూ పట్టించుకోరని నాకు తెలుసు. కానీ మహారాజులు ఎక్కువసేపు నీళ్ళు నమలరు.

"మీక్కావలసింది నా గుండె కాదు మేడం, మీ సీటు. నాకు జబ్బుందని తేలితే మీరు పాసు. కాదని చెప్పండి చూద్దాం."

ఒళ్ళు మండింది. సగం నిజం కాబట్టి ఎక్కువ మండింది.

"సగం అదే," అన్నాను. "మిగతా సగం కూడా విను. నువ్వంటే నాకు అసహ్యం. నీ పరుగన్నా, నీ ఫొటోలన్నా, నీ ఇంటి డాక్టర్లన్నా అసహ్యం. అయినా నువ్వు రోడ్డు మీద పడి చావడం నాకిష్టం లేదు. అలా పడ్డ నీలాంటి కుర్రాళ్ళని ఈ చేతుల్తో ఎత్తాను. ఒక్కడు కూడా లేవలేదు."

ఒక్క క్షణం అతని మొహం పిల్లాడి మొహంలా అయింది. వెంటనే సర్దుకుని, సార్ దగ్గరికి పదండి, అక్కడే తేల్చుకుందాం, అందరి ముందూ ఈవిడ నా పరువు తీస్తుంటే ఊరుకోను అన్నాడు. నాకు జరగబోయే అవమానం చూడాలని క్లాసు క్లాసంతా వెనకాలే బయల్దేరింది. శవం క్లాసుకి కూడా అంతమంది టైముకి రారు.

ఉపోద్ఘాతం గారి గది ఇరుకు. బల్ల మీద ప్లాస్టిక్ గుండె బొమ్మ ఒకటి ఉంటుంది, దాని మూత ఎప్పుడో పోతే ఆయన అందులో పెన్నులు పెట్టుకుంటున్నారు. మమ్మల్నిద్దరినీ లోపలికి రమ్మని, మిగతావాళ్ళని వరండాలో ఆపేశారు. మహారాజు ఫిర్యాదు చేశాడు. సార్ కుర్చీలో వెనక్కి వాలి ముందుమాట మొదలుపెట్టారు. ఫెయిలైన విద్యార్థుల మనసు ఎలా పనిచేస్తుందో చెప్పారు. వాళ్ళు తమ లోపాన్ని ఎదుటివాళ్ళ ఒంట్లో ఎలా వెతుక్కుంటారో చెప్పారు. అంబులెన్సు పనికీ వైద్యానికీ ఉన్న దూరం చెప్పారు. చెబుతూనే లేచి, చెబుతూనే గొట్టాలు చెవుల్లో పెట్టుకుని, చెబుతూనే మహారాజు గుండె మీద స్టెతస్కోప్ పెట్టి, చెబుతూనే నార్మల్ అనబోయారు.

"సార్," అన్నాను. "ఒక్కసారి మాట్లాడకుండా వినండి."

నా జీవితంలో ఏ గురువుతోనూ అలా మాట్లాడలేదు. ఆయన కనుబొమలు నెత్తికెక్కాయి. నన్ను చూసిన చూపుకి నేను అక్కడే సామాను సర్దుకోవలసింది. అయితే మాట ఆగింది. కోపంతో ఆగిందో, ఆశ్చర్యంతో ఆగిందో, మొత్తానికి మొదటి రోజు నుంచీ నేనెరిగినంతలో ఆయన నోరు మూసుకుని ఒక గుండెని వినడం అదే మొదటిసారి.

విన్నారు. స్టెతస్కోప్ కాస్త కిందికి జరిపారు. మళ్ళీ విన్నారు. అలవాటు చొప్పున నోరు తెరిచారు, మూసేశారు. తర్వాత చాలా చిన్న గొంతుతో మహారాజుని గొంతుక్కూర్చోమన్నారు. కూర్చున్నాక, స్టెతస్కోప్ అలాగే ఉంచి, లేచి నిలబడమన్నారు. లేవగానే సార్ చెయ్యి గుండె మీదే ఆగిపోయింది. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా ఎర్రబడ్డారు. ఆయనకి వినపడింది. ఆ మొహం చూసినవాళ్ళకెవరికైనా అర్థమవుతుంది, ఒక్క మహారాజుకి తప్ప. అతను ఆ సమయంలో కిటికీ అద్దంలో తన జుట్టు చూసుకుంటున్నాడు.

సార్ గొట్టాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"నార్మల్," అన్నారు. "వెళ్ళి ప్రాక్టీసు చేసుకో నాన్నా."

మహారాజు నాకేసి ఒక చూపు విసిరి బయటికి పోయాడు. వరండాలో చప్పట్లు వినిపించాయి. సార్ తలుపు దగ్గరగా వేశారు. కుర్చీలో కూర్చుని పెన్నులు గుండె బొమ్మలోంచి తీసి, మళ్ళీ అందులోనే పెట్టారు.

మీరు విన్నారు సార్ అన్నాను. ఆయన కాదనలేదు. చిన్న చప్పుడేనన్నారు, చాలామందికి ఉంటుందన్నారు. చాలామందిని గొంతుక్కూర్చుని లేవమంటారా అని అడిగాను. మొదటి వారంలో క్లాసు మొత్తానికి ఆ పిల్లాడినే నార్మల్ అని చూపించాను, ఇప్పుడు కాదంటే ఈ కాలేజీలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నారు. వాళ్ళ నాన్న తనకి బాగా తెలుసట. పందెం అయ్యాక, నెమ్మదిగా, ఒక మంచి సమయం చూసి, ఆయనకే చెబుతారట.

"పందెం అయ్యాకా?"

"చూడమ్మా," అన్నారు ఉపోద్ఘాతం, ముందుమాట ఏమీ లేకుండా. "సోమవారం రా. పాసవుతావు. ఈ విషయం నాకొదిలెయ్."

నేను ఆలోచించాను. ఆలోచించలేదని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. అంతదాకా నేను అందర్నీ చులకనగా చూస్తూ వచ్చాను, రంగులు పూసేవాళ్ళనీ, ఏడ్చేవాళ్ళనీ, వినకుండా నార్మల్ అనేవాళ్ళనీ. ఇప్పుడు సీటు అరచేతిలో పెట్టి, నువ్వు కూడా ఆ ఒక్క మాట అను చాలు అంటున్నారు. పైగా నన్ను అనమని కూడా అడగలేదు, ఊరుకోమన్నారంతే. ఆ సీటు నాకు ఎంత కావాలో నాకే తెలుసు. సైరన్ వేసుకుని తీసుకెళ్ళి ఆసుపత్రి గుమ్మంలో అప్పగించి, లోపల ఏమైందో ఎప్పుడూ తెలియకుండా వెనక్కి తిరగడం ఇక నావల్ల కాక వచ్చాను. లోపల నిలబడాలని వచ్చాను. లోపల నిలబడ్డవాళ్ళు ఇలా ఉంటారని నాకెవరూ చెప్పలేదు.

ఆయన్ని చూశాను. పాతికేళ్ళుగా వినకుండా మాట్లాడి, ఇవాళ ఒక్కసారి విని భయపడిపోయిన మనిషి. సోమవారం పాసై, మూడేళ్ళు పోయాక అద్దంలో చూసుకుంటే కనిపించేది ఇదే మొహం కదా అనిపించింది. అంతకంటే గొప్ప ఆలోచనేమీ రాలేదు. తలుపు తీశాను.

వరండాలో మహారాజు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చుట్టూ అభిమానులు.

"ఏమన్నారు మేడం?" అన్నాడు అందరికీ వినపడేలా. "సోమవారం కూడా ఏదో తక్కువవుతుందన్నారా?"

"నీ గుండెలో చప్పుడుంది," అన్నాను. "సార్ కూడా విన్నారు. పందెం అయ్యాక మీ నాన్నకి చెబుతారట."

నా వెనక గుమ్మంలోకి సార్ వచ్చి నిలబడ్డారు.

"నేనేమీ వినలేదు," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, సోమవారం నా పరీక్ష వేరే ఎవరికీ వదలననీ, తనే స్వయంగా తీసుకుంటాననీ చాలా మర్యాదగా చెప్పారు. నా సీటు అక్కడికక్కడే పోయింది.

పిల్లలు నవ్వారు. మహారాజు అందరికంటే ముందు మొదలుపెట్టాడు, అందరికంటే ముందు ఆపాడు. అతని కళ్ళు పైకి వెళ్ళాయి. పరీక్షలో పేజీ గుర్తుచేసుకునేటప్పుడు అతను అలాగే చూస్తాడు.

"సార్," అన్నాడు. "నార్మల్ అయితే నన్ను గొంతుక్కూర్చుని లేవమన్నారెందుకు?"

సార్ ఏదో చెప్పబోయారు. ఎన్ని ముందుమాటలు తెలిసిన మనిషో, ఆ క్షణానికి ఒక్కటీ దొరకలేదు.

మహారాజు తనే అప్పజెప్పాడు. కూర్చుంటే తగ్గి, లేస్తే పెరిగే చప్పుడు ఉందేమో చూడటానికి అలా చేయిస్తారు. గుండె కండ దళసరెక్కినవాళ్ళలో అది వినిపిస్తుంది. వయసు, లక్షణాలు, రక్తసంబంధంలో ఒకరి నుంచి ఒకరికి వచ్చే తీరు, తీసుకోవలసిన జాగ్రత్తలు, ఒక్క మాట తడబడకుండా, క్లాసులో చెప్పినట్టే చెప్పుకుంటూ వెళ్ళాడు. చెప్పేది ఎవరి గురించో అతనికి మధ్యలో ఎక్కడో తట్టినట్టుంది. వాక్యం పూర్తి చేయలేదు. దగ్గరికి వచ్చి, నా మెడలోంచి స్టెతస్కోప్ తీసుకుని, చొక్కా లోపలికి పెట్టుకుని, గొట్టాలు తన చెవుల్లోనే పెట్టుకున్నాడు. వరండా మధ్యలో, అందరి ముందూ, గొంతుక్కూర్చున్నాడు. లేచాడు.

అతను చాలాసేపు అలాగే నిలబడి విన్నాడు. గొట్టాలు తీయకుండానే, నావైపు కాదు, సార్ వైపూ కాదు, ఎటో చూస్తూ మామూలు గొంతుతో అన్నాడు.

"మా బాబాయి నా వయసులోనే పోయాడు. ఎలా పోయాడని అడిగితే, మా నాన్న గదిలోంచి లేచి వెళ్ళిపోతాడు."